పింకీకి ఒక పాయింటు

రెండువేల అయిదు ఎండాకాలంలో మా ఇంట్లో టేబుల్ ఫ్యాను మనుషులకి కాదు, కంప్యూటర్‌కి. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, రెండో అంతస్తులో రెండు గదుల వాటా మాది. మా నెత్తిన డాబా, డాబా నెత్తిన ఎండ. తమ్ముడు వంశీకృష్ణ సీపీయూ పక్కరేకు ఊడదీసి, ఫ్యాను దాని ముఖాన పెట్టి కూర్చునేవాడు. అమ్మ కొంగుతో విసురుకుంటూ, "దానికి చెమటలు పడుతున్నాయేమో, తువ్వాలు కూడా ఇవ్వరా" అనేది.

ఆ కంప్యూటర్లో ఎనిమిది బాస్కెట్‌బాల్ జట్లు తెరిపి లేకుండా ఆడుతుండేవి. నిజం జట్లు కావు. వంశీ పంజాగుట్టలో, చీరల కొట్టు పైన ఉన్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి అప్పటికి ఏడాది. విదేశీ క్లయింటు ఒకడు వాళ్లకి ఒక గేమ్ పని అప్పగించాడు. అందులో మనం బంతి ముట్టుకోం. జట్టు యజమానిగా కూర్చుని ఆటగాళ్లని ఎంచుకుంటాం, మ్యాచులన్నీ కంప్యూటరే ఆడి స్కోర్లు చెబుతుంది. సీజన్ మొత్తం మనం టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. అసలు జట్ల పేర్లు తర్వాత పంపుతానన్నాడట క్లయింటు. అందాకా వంశీ తనకి తెలిసిన పేర్లు పెట్టుకున్నాడు. సనత్‌నగర్, బోరబండ, ఎర్రగడ్డ, బల్కంపేట, ఇలా. ఆటగాళ్ల పేర్లకి వాడి ఇంజనీరింగ్ క్లాసు పిల్లలంతా పనికొచ్చారు.

బాస్కెట్‌బాల్‌ని నిజంగా ఆడేది మా ఇంట్లో నేనొక్కదాన్నే. నా పేరు హైందవి. స్కూల్లో మొదలుపెట్టి యూనివర్సిటీ జట్టు దాకా ఆడాను. నా పని డిఫెన్స్. అవతలి జట్టులో బాగా పాయింట్లు కొట్టే అమ్మాయి ఎవరో చూసి, ఆమెకి అతుక్కుపోయి, ఆమెని కొట్టనివ్వకపోవడం. దీనికి ఎవరూ చప్పట్లు కొట్టరు. మర్నాడు పేపర్లో కొట్టినవాళ్ల పేర్లు వేస్తారు, కొట్టనివ్వని వాళ్ల పేర్లు వేయరు. మా నాన్న కళ్లజోడు పెట్టుకుని ఆ వార్త మొదటి నుంచి చివరి దాకా చదివి, "మన పేరు ఎగరగొట్టారమ్మా, అచ్చులో పొరపాటేమో" అని పేపరు మడిచేవాడు. ఆయనకి నేను ఎప్పుడూ విడమరిచి చెప్పలేదు.

ఆ జూన్‌లో ఒక ప్రభుత్వ సంస్థ క్రీడాకారుల కోటాలో ఇద్దరు అమ్మాయిల్ని తీసుకుంటోంది. ముందు ట్రయల్స్, ఆ వెంటనే ఉద్యోగం. వయసు ఇరవై అయిదు దాటకూడదు. నాకు ఆగస్టులో దాటుతుంది. కనుక ఉంటే ఈ జూన్, లేకపోతే లేదు. ఉద్యోగం వస్తే జీతంతో పాటు ఆట ఉంటుంది. రాకపోతే రెండూ పోతాయి. నాన్న చలపతిరావు సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరు. ఆయన నాతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. "జూన్ దాకా నీ ఇష్టం తల్లీ. రాకపోయిందా, కింద మైత్రీవనంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరాలి. మళ్లీ మాట మార్చకూడదు." సరేనన్నాను.

ఏప్రిల్లో ఒక ఆదివారం, భోజనాలకి ముందు, వంశీ నన్ను పిలిచాడు.

"అక్కా, బాస్కెట్‌బాల్‌లో ఒక జట్టు నూట డెబ్బై పాయింట్లు కొడుతుందా?"

"మా మ్యాచుల్లో అరవై కొడితే గొప్ప. ఏం, నీ పిల్లలు కొట్టారా?"

"మొదటి సీజన్ బాగానే ఉంది. ఎనభై, తొంభై. తర్వాత ఏడాదికేడాది పెరుగుతూ పోతున్నాయి. ఇరవయ్యో సీజన్‌కి ఇదిగో ఇలా తయారైంది. క్లయింటు మండిపడుతున్నాడు. మా మేనేజరు హనుమత్ప్రసాద్ గారు పొద్దస్తమానం నా కుర్చీ వెనకే నిలబడి ఉంటున్నారు."

"నీ ఆటగాళ్లు ఎలా మెరుగవుతారు?"

"ప్రాక్టీసుతో. ప్రతి సీజన్‌కీ షూటింగ్ కొంచెం పెరుగుతుంది."

"డిఫెన్స్?"

వాడు నన్ను వింతగా చూశాడు. "డిఫెన్స్‌కి ప్రాక్టీసేంటక్కా? పుట్టుకతో ఎంతుంటే అంతే పెట్టాం. ఫీల్డింగ్ లాంటిదే కదా."

అప్పుడు అర్థమైంది నాకు. వాడి ఆఫీసులో ఉన్నవాళ్లంతా గల్లీ క్రికెట్ ఆడి పెరిగినవాళ్లు. గల్లీ క్రికెట్లో బ్యాటింగ్ కోసం కొట్టుకుంటారు. ఫీల్డింగ్ అంటే మురిక్కాలవ పక్కన నిలబడటం, ఔటయినవాడికి శిక్ష. ఆ బుద్ధితోనే లీగంతా రాశారు. బంతి వేసినవాడికి అలసట ఉంది, కాపలా కాసినవాడికి లేదు. వాడు ఎంత పరిగెత్తినా చెమటే పట్టదు. నాకు ఒళ్లు మండింది.

"లే" అన్నాను.

"ఎందుకు?"

"ఆ గుమ్మం దాటి వంటింట్లోకి వెళ్లు చూద్దాం."

మోకాళ్లు వంచి, చేతులు చాపి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. వాడు నవ్వుతూ కుడికి వచ్చాడు. అక్కడ నేనున్నాను. ఎడమకి వచ్చాడు. అక్కడా నేనే. నవ్వు ఆపి భుజంతో నెట్టబోయాడు. మంచం చుట్టూ తిరిగి వచ్చి మళ్లీ ప్రయత్నించాడు. లోపల అమ్మ పులుసు గిన్నె పట్టుకుని నిలబడి, "ముందు నన్ను రానివ్వండర్రా, చేతులు కాలుతున్నాయి" అంటోంది. కాసేపటికి వాడు మంచం మీద కూలబడ్డాడు. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఇప్పుడు చెప్పు. నాకు అలసట రాలేదా? ఇది పుట్టుకతో వచ్చిందా? పదేళ్లు పట్టింది నాకు."

వాడు వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. డిఫెన్స్ కూడా ప్రాక్టీసుతో పెరిగేలా, కాపలా కాసినవాళ్లకీ ఆయాసం వచ్చేలా మార్చాడు. "ఇంకొంచెం పెంచు, ఇంకొంచెం" అని పక్కనుంచి నేనే ఎగదోశాను. దాని ఫలితం మర్నాడు నాన్న చూశాడు. నాన్నకి ఆటేమీ తెలియదు గానీ, అమ్మ మంగళవారాలు అక్కడి ఎల్లమ్మ గుడికి వెళుతుంది కనుక బల్కంపేటని తన జట్టు చేసుకున్నాడు. ఫ్యాక్టరీ నుంచి రాగానే టీ గ్లాసుతో స్క్రీన్ ముందు నిలబడేవాడు.

"బల్కంపేట ముప్పై ఒకటి, ఎర్రగడ్డ ఇరవై తొమ్మిది. ఇదేం ఆట రా? బంతి దొరక్క వెతుక్కున్నట్టున్నారు."

వంశీ నా వైపు చూశాడు. "మీ అమ్మాయి సలహా నాన్నా."

అదీ నిజమే. నా చేతికిస్తే లోకంలో ఎవరినీ బుట్టలో బంతి వేయనిచ్చేదాన్ని కాను. వారం రోజులు అటూ ఇటూ సర్దితే స్కోర్లు మళ్లీ ఎనభైల్లోకి వచ్చాయి. వంశీ ఊపిరి పీల్చుకున్నాడు. నేను నా ప్రాక్టీసులో పడ్డాను.

మే నెల సగానికి వచ్చేసరికి వాడు మళ్లీ పిలిచాడు. స్కోర్లు పెరుగుతున్నాయి. ఈసారి మెల్లగా, కానీ ఆగకుండా. డిఫెన్స్ ప్రాక్టీసు పనిచేస్తోంది, అలసట పనిచేస్తోంది. అయినా పదిహేను సీజన్లు గడిచేసరికి ఆపేవాళ్లు ఎవరూ కనబడటం లేదు.

"మంచి డిఫెన్స్ వాడిని ఒకణ్ని చూపించు" అన్నాను.

వాడు వెతికి ఎర్రగడ్డ జట్టులో ఒకణ్ని పట్టుకున్నాడు. లీగ్‌లో వాడంత గట్టిగా ఆపేవాడు లేడు. వాడి పేరు పక్కన 'రిలీజ్' అని ఉంది. సీజన్ అయ్యాక జట్టులోంచి తీసేశారని అర్థం. ఇంకే జట్టూ తీసుకోలేదు. రెండు సీజన్లు ఎవరూ తీసుకోకపోతే ఆటగాడు లీగ్ వదిలి వెళ్లిపోతాడు.

"ఎందుకు తీసేశారు?"

"యజమానులు పాయింట్లు చూసి తీసుకుంటారక్కా. వీడు పాయింట్లు కొట్టడు. అలాంటివాళ్లంతా రెండు మూడేళ్లలో వెళ్లిపోతున్నారు. ఇక ఆపేదెవరు? అందుకే స్కోర్లు పెరుగుతున్నాయి."

"వయసెంత వీడికి?"

స్క్రీన్ మీద నేనే చూసుకున్నాను. ఇరవై అయిదు.

వాడు కుర్చీ నా వైపు తిప్పాడు. ఇంట్లో నాకంటే చిన్నవాడు, కానీ ఆ పూట పెద్దవాడిలా మాట్లాడాడు. "నేను చెప్పేది విను. ట్రయల్స్‌లో కూర్చునేవాళ్లు నా ప్రోగ్రామ్‌లో యజమానుల్లాంటివాళ్లే. వాళ్ల చేతిలో కాగితాలు పెట్టిన అట్ట ఉంటుంది, దాంట్లో పాయింట్లు రాసుకుంటారు. నువ్వు ఎవరిని ఆపావో రాసుకోవడానికి దాంట్లో చోటుండదు. ఈ ఒక్కసారికి ఎవర్నీ ఆపకు. బంతి దొరికితే కొట్టు. అంతే."

సరేనన్నాను. వాడి లీగ్ నా కంటే ఎక్కువ సీజన్లు చూసింది.

మర్నాటి నుంచి షాట్లు మొదలుపెట్టాను. సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనక ఒక సిమెంటు కోర్టు ఉంది. రింగులకి వలలు ఎప్పుడో ఊడిపోయాయి. పొద్దున్నే నాన్న నాతో వచ్చేవాడు. బాస్కెట్‌బాల్‌లో ఆయనకి తెలిసింది ఒక్కటే, బంతి పైనుంచి లోపలికి పడాలి. డ్యూటీ బూట్లతో, జేబులో పెన్నుతో రింగు కింద నిలబడి, పడిన బంతిని రెండు చేతులా పట్టుకుని నాకు విసిరేవాడు. పడితే "భేష్" అనేవాడు. పడకపోతే ఏమీ అనేవాడు కాదు. నా ఆట ఆయనకి అర్థమయ్యే రోజు వచ్చిందని ఆయన ముఖంలో కనబడేది. నాకు సంతోషంగానూ ఉండేది, ఎక్కడో గుచ్చుకునేది కూడా.

ఆ కోర్టుకే పింకీ వచ్చేది. బోరబండ నుంచి నడిచి వచ్చేది. ఇరవై ఒక్కేళ్లుంటాయి. సర్కారు బడిలో ఆట నేర్చుకుని, మా అందరికంటే బాగా కొట్టేది. బంతిని ఒక్కసారి నేలకి కొట్టి, కుడివైపు ఒక్క అడుగు వేసి లేచిందంటే అది లోపలే. నన్ను ఎన్నో మ్యాచుల్లో ఎదురుగా చూసింది.

"ఏందక్కా, నువ్వు సుత షాట్లు కొడ్తున్నవ్? నీ పని ఆపుడు గదా" అంది మొదటిరోజు.

"ఈసారికి కొడదామనుకుంటున్నా."

"మస్తుంది. పోస్టులు రెండు. నీకొకటి, నాకొకటి. ఫికర్ జెయ్యకు." నవ్వి, నాన్న వైపు చూసి గొంతు తగ్గించింది. "మా నాయిన సెంట్రింగ్ పనికి పోతడక్కా. నడుము వోయింది. గీ నౌకరి వస్తే ఇంట్ల కూసోబెడ్త."

"వస్తుంది" అన్నాను. నిజంగానే అనుకున్నాను. పాయింట్లు రాసుకునేవాళ్లు ఉంటే పింకీని ఎవరు వదులుకుంటారు?

జూన్ రెండో వారంలో ట్రయల్స్ జరిగాయి. వానలు ఇంకా రాలేదు. పొద్దున తొమ్మిదికే సిమెంటు కాలుతోంది. షామియానా కింద కుర్చీల్లో ముగ్గురు కూర్చున్నారు, ఒళ్లో అట్టలు. వచ్చిన అమ్మాయిల్ని రెండు జట్లు చేశారు. నాకు పసుపు బనీను ఇచ్చారు, పింకీకి ఎరుపు.

మొదటి సగం వంశీ చెప్పినట్టే ఆడాను. పొట్టి అమ్మాయి ఒకామె నాకు ఎదురుపడింది, ఆమెని వదిలేసి పైకి పరిగెత్తి కొట్టాను. పడింది. ఇంకోటి కొట్టాను. అదీ పడింది. కుర్చీల్లో మధ్యన ఉన్నాయన తల ఎత్తి పక్కవాణ్ని నా పేరడగడం చూశాను. అటు పింకీ కూడా కొడుతోంది. పసుపు జట్టులో పొడుగ్గా ఉన్న రత్నమాల అనే అమ్మాయికి పింకీని ఆపే పని అప్పగించారు, ఆ అమ్మాయికి చేతకావడం లేదు. పింకీ కుడివైపు అడుగేయడం, రత్నమాల ఎడమవైపు చేయి ఊపడం. సగం ఆట అయ్యేసరికి పింకీ, నేను ఇద్దరం బాగా ఉన్నాం. నీళ్లు తాగుతూ ఆమె నాకు కన్ను కొట్టింది.

రెండో సగంలో మా జట్టు వెనకబడింది. ట్రయల్స్‌లో గెలుపోటములకి విలువ లేదు. ఓడితే ఏమవుతుంది? ఏమీ కాదు. అది నాకు తెలుసు. పింకీ మళ్లీ కుడివైపు అడుగు వేసింది, రత్నమాల మళ్లీ తప్పు వైపు వెళ్లింది. ఆ తర్వాత ఇంకోసారి. మూడోసారి నేను రత్నమాల దగ్గరికి వెళ్లి, "నువ్వు ఆ పొట్టి అమ్మాయిని చూసుకో. పింకీని నేను చూస్తాను" అన్నాను. ఆ అమ్మాయి బతికిపోయినట్టు అటు వెళ్లింది.

పింకీ బంతి అందుకుని నేలకి కొట్టింది. కుడి భుజం వంగింది. నేను అక్కడున్నాను. బంతి వెనక్కి తీసుకుని మళ్లీ వచ్చింది. మళ్లీ ఉన్నాను. ఇక చేసేది లేక పక్క అమ్మాయికి ఇచ్చేసింది. చివరిదాకా అంతే. పింకీ రెండో సగం మిగతా ఆటలో ఒక్కటే కొట్టగలిగింది. నాకు బంతి వచ్చినప్పుడు కొట్టే ఊపిరి లేదు, నేనూ పక్కవాళ్లకే ఇచ్చాను. మా జట్టు గెలిచింది. ఈల వేసినప్పుడు సెలెక్టర్లలో ఒకాయన మజ్జిగ తాగుతున్నాడు.

మధ్యాహ్నం పేర్లు చదివారు. ఒకటి రత్నమాల. నేను ఆమె బరువు దించాక ఆమెకి కాళ్లొచ్చాయి, నేను కొట్టాల్సినవన్నీ ఆమె కొట్టింది. రెండోది ఎరుపు జట్టులో పింకీ పక్కన ఆడిన అమ్మాయి. పింకీ వదులుకున్న బంతులన్నీ ఆమె చేతికే వెళ్లాయి. నా పేరు లేదు. పింకీ పేరూ లేదు.

నేను పింకీ కోసం చూశాను. ఆమె అప్పటికే బూట్లు విప్పి చేత్తో పట్టుకుని గేటు దాటుతోంది. పిలిచాను. వెనక్కి తిరగలేదు.

ఇంటికి వచ్చేసరికి నాన్న సెలవు పెట్టి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నా ముఖం చూసి సంగతి గ్రహించాడు. అయినా అడిగాడు.

"కొట్టావా అమ్మా?"

"మొదటి సగం కొట్టాను."

"మరి రెండో సగం?"

"పింకీని ఆపాను."

"ఎవరైనా ఆపమన్నారా?"

"లేదు."

ఆయన తిట్టలేదు. నిజంగా తెలుసుకుందామనే, "మరెందుకమ్మా?" అన్నాడు. అమ్మ లోపలనుంచి వచ్చి, "గుమ్మంలోనే విచారణ పెట్టారేంటండీ? దాన్ని అన్నం తిననివ్వండి" అంది. నేను బాత్రూంలోకి వెళ్లి పంపు మొత్తం తిప్పి ఏడ్చాను. ఉద్యోగం పోయినందుకు ఏడ్చాననుకున్నాను. కానీ కళ్లు మూస్తే కనబడింది గేటు దాటుతున్న పింకీ చేతిలో బూట్లు.

సోమవారం మాట ప్రకారం టెస్టింగ్ కోర్సులో చేరాను. మెట్ల మీద కూడా పిల్లలు కూర్చుని పాఠం వినే చోటు అది. నేను గోడకి ఆనుకుని నిలబడి విన్నాను. ఏం విన్నానో అడగొద్దు.

వంశీ రెండు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. "చిలక్కి చెప్పినట్టు చెప్పాను" అని అమ్మతో అన్నాడట. తర్వాత ఆదివారం పొద్దున తనే పిలిచాడు.

"నిన్నూ పింకీనీ లీగ్‌లో పెట్టాను. నువ్వు బల్కంపేట, ఆమె బోరబండ. ఆమెకి షూటింగ్ ఎక్కువిచ్చాను. నీకు డిఫెన్స్ ఎక్కువిచ్చి, షూటింగ్ ఉన్నంతే ఇచ్చాను. ఏడవకు."

"ఏడవను. నడిపించు."

నాన్న టీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడ్డాడు. బల్కంపేట ఎప్పుడూ ఆరో స్థానమో ఏడో స్థానమో. ఆ సీజన్లో మెల్లగా పైకి వచ్చింది. ఎవరూ గొప్పగా కొట్టడం లేదు, కానీ అవతలివాళ్లు మా దగ్గరికొచ్చేసరికి తగ్గిపోతున్నారు. బోరబండతో ఆడినప్పుడల్లా పింకీ పాయింట్లు సగానికి పడిపోతున్నాయి. చివరికి బల్కంపేట కప్పు గెలిచింది. నాన్న అమ్మని కేకేశాడు. "ఏమేవ్, మన బల్కంపేట గెలిచింది."

వంశీ తర్వాతి పేజీ తెరిచాడు. సీజన్ అయ్యాక జట్లు ఎవరిని ఉంచుకున్నాయో, ఎవరిని తీసేశాయో ఉంటుంది అందులో. బల్కంపేట కింద మొదటి పేరు నాది. పక్కన 'రిలీజ్'.

"ఇదేంటిరా?" అన్నాడు నాన్న.

"తీసేశారు నాన్నా. పాయింట్లు తక్కువ కదా."

"ఎవడు వాడు, తీసేసినవాడు?" నాన్న గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టాడు. టీ ఒలికింది. "అమ్మాయి రాకముందు ఏడో స్థానంలో ఏడుస్తుండేవాళ్లు. కప్పు తెచ్చిపెడితే తీసేస్తాడా? కళ్లు లేవా వాడికి?"

"వాడంటూ ఎవడూ లేడు నాన్నా. ప్రోగ్రామ్ అది. నేను రాసిందే."

"అయితే నీకు లేవు" అన్నాడు నాన్న.

నాన్న నా వైపు తిరిగాడు. ఆయన గొంతు తగ్గింది.

"నువ్వు ఇన్నాళ్లూ ఆడింది ఇదా అమ్మా?"

"ఇదే నాన్నా."

"పేపరు వాళ్లది అచ్చు తప్పు కాదన్నమాట" అని, ఒలికిన టీ తన కండువాతో తనే తుడిచాడు. ఉద్యోగం వచ్చి ఉంటే ఎంత సంతోషించేదాన్నో తెలియదు గానీ, ఆ మాటకి మాత్రం చాలా సంతోషించాను.

వంశీ ఆ మరుసటి రోజే ఆఫీసులో కొత్త అంకె ఒకటి చేర్పించాడు. ఒక ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు అవతలి జట్టు ఎంత కొట్టింది, లేనప్పుడు ఎంత కొట్టింది. యజమానులు ఎంచుకునేటప్పుడు దాన్ని కూడా చూసేలా రాశాడు. అప్పట్నుంచి ఆపేవాళ్లు లీగ్‌లో మిగిలారు, యాభై సీజన్లు నడిపినా స్కోర్లు ఎనభై, తొంభై మధ్యనే ఊగాయి. క్లయింటు చల్లబడ్డాడు. ఈ ఆలోచన ఎక్కడిదని హనుమత్ప్రసాద్ గారు అడిగితే వంశీ నా పేరు చెప్పాడు. లీగ్‌ని పరీక్షించడానికి ఆట తెలిసిన మనిషి కావాలని నన్ను పంజాగుట్టకి రమ్మన్నారు. మైత్రీవనం మెట్లు అలా తప్పాయి. సంస్థ ఉద్యోగంతో పోలిస్తే చిన్నదే, కానీ వెళ్లాను.

జూన్ చివర్లో, నేను ఆఫీసులో చేరిన తర్వాతి ఆదివారం, పింకీ మా ఇంటికి వచ్చింది. సందు మొదట్లో కిరాణా కొట్టులో అడిగి ఇల్లు కనుక్కుందట. అమ్మ మంచినీళ్లిచ్చింది. పింకీ గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చుంది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. తిట్టినా పడదామనే అనుకున్నాను.

"అక్కా, ఒకటి అడుగుత. నిజం చెప్తవా?"

"అడుగు."

"నన్నెందుకు ఆపినవ్? ఆపమని నీకెవ్వరు చెప్పలే. గెలిస్తే కప్పు ఇస్తమనలే. నీది నువ్వు ఆడుకుంటే నీకొస్తుండె, నాకొస్తుండె."

"నువ్వు నా కళ్ల ముందు అలా దాటి వెళ్లిపోతుంటే ఊరుకోలేకపోయాను. అంతకంటే ఏమీ లేదు పింకీ. నీకు రాకుండా చేయాలని కాదు."

"గది నాకెర్కనే." నీళ్లు తాగింది. "మా నాయిన మల్ల పనికి పోతుండు. ఏమనలే నన్ను. అంటే మంచిగుంటుండె."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. క్షమించమంటే అది ఆమెకి ఏ పనికీ రాదు.

"మస్తు ఏడ్చినక్కా. ఏడ్చి ఏడ్చి, ఆటంత మల్ల యాద్ చేస్కున్న. ఎటువోతే గటు నువ్వే ఉన్నవ్. గట్లెట్ల?"

"నువ్వెప్పుడూ కుడివైపే వెళతావు. బంతి కొట్టకముందే నీ కుడి భుజం వంగుతుంది. ఆ భుజం చూస్తే చాలు, నేను ముందే అక్కడ ఉంటాను."

పింకీ తన భుజం వైపు చూసుకుంది. "గీ ముచ్చట ఇంకెవరికన్న చెప్పినవా?"

"లేదు."

"నాకెవ్వరు చెప్పలే." గ్లాసు కింద పెట్టి లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "వచ్చే ఏడు మల్ల తీస్కుంటరంట. రేపటి సంది పొద్దుగాల కోర్టుకు రా అక్కా. నౌకరి వోయేటట్టు జేసినవ్. గిప్పుడు వచ్చేటట్టు జెయ్యి."

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. ఆ మర్నాడూ వెళ్లాను. ఆఫీసు పదింటికి, కోర్టు ఆరింటికి. నాన్న యథాప్రకారం రింగు కింద నిలబడేవాడు, కానీ ఇప్పుడు బంతి పడిందో లేదో చూసేవాడు కాదు. నా కాళ్ల వైపు చూసేవాడు. పింకీ ఎడమకి వెళ్లబోయేది, భుజం అలవాటు కొద్దీ కుడికి వంగేది, నేను అక్కడ ఉండేదాన్ని. నాన్న "భేష్" అనేవాడు. పింకీ ఆయన వైపు కోపంగా చూసేది. నేను ఒక్క అంగుళం కూడా వదల్లేదు. వదిలితే ఆమెకి ఇంకోసారి ద్రోహం చేసినట్టే అనిపించేది. మరుసటి ఏడు ఆమెకి ఉద్యోగం వచ్చింది, వాళ్ల నాయిన పని మానేశాడు, కానీ అది ఈ ఎండాకాలం సంగతి కాదు.

ఎండాకాలం సంగతి అయిపోయింది జూలైలో, మొదటి గట్టి వాన పడిన మర్నాడు. సిమెంటు ఇంకా తడిగా ఉంది. పింకీ బంతి నేలకి కొట్టింది. కుడి భుజం వంగింది. నేను కుడివైపు అడుగు వేశాను. భుజం అలాగే ఉంది, మనిషి మాత్రం ఎడమవైపు వెళ్లిపోయింది. నేను తిరిగేసరికి బంతి వల లేని రింగులోంచి నాన్న చేతుల్లో పడింది. నాన్న ఏమీ అనలేదు. ఎవరి వైపు అనాలో తెలియలేదనుకుంటాను.

పింకీ ఎగరలేదు, అరవలేదు. చేతులు చాపి బంతి అడిగింది. "మల్ల" అంది.

ఇంటికి వచ్చేసరికి గాలి చల్లగా ఉంది. టేబుల్ ఫ్యాను కంప్యూటర్ దగ్గర లేదు. వంటింటి గుమ్మంలో అమ్మ వైపు తిప్పి ఉంది. వంశీ ఆఫీసుకి బయల్దేరుతూ చివరిసారి లీగ్ చూసుకుంటున్నాడు.

"పింకీకి ఒక పాయింటు పెంచు" అన్నాను.

"ఏమైంది?"

"ఇవాళ నన్ను దాటింది."

వాడు కీబోర్డు మీద వేళ్లు పెట్టి ఆగాడు. "అయితే నీకు ఒకటి తగ్గించాలి కదక్కా."

"నాకెందుకు తగ్గిస్తావు?" అన్నాను. "దాటింది నన్ను కాబట్టే దానికి పెంచమన్నాను."